పుస్తకంలో లేని గురుతు

వాసు ప్రెస్సు మెట్లెక్కి వచ్చి, చేతిలోని పుస్తకం చూపించి, "ఇది ఎంతమంది సేతుల్లో ఉన్నాదే?" అని అడిగిన దగ్గర పోయిన వారం ఆపాం. అడిగింది చెల్లెలు నీలవేణిని. పదకొండు నెలల మౌనం తర్వాత అన్న నోటి నుంచి ఆమె విన్న మొదటి మాట అది.

కొత్తగా ఈ కథలో అడుగుపెడుతున్నవాళ్లకి ఒక్క ముక్క. సోంపేట దాటి సముద్రపు ఒడ్డున ఉన్న పేటలో చేపల వేట చేసుకు బతికిన జోగారావు కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆయన నోటుబుక్కులో మూడేసి పంక్తులుగా రాసుకున్నదాన్ని కూతురు 'ఉప్పునీటి హైకూలు' అని అచ్చు వేయించింది. ఆమె పలాసలో ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తుంది. ముందుమాట రాసినవాడు గోపాలరావు మాస్టారు, రిటైరైన తెలుగు లెక్చరరు, రెండేళ్లుగా హైకూల పత్రిక నడుపుతున్నవాడు. టెక్కలిలో ఆవిష్కరణ జరిగింది. ఒక పేపరు ఆదివారం అనుబంధంలో 'కెరటాల మీద కవి' అని బొమ్మతో సహా వేశారు. ఇంత జరిగినా వాసు సభకి రాలేదు. కుళ్లు అనుకున్నారు కొందరు. నీలవేణి ఏమీ అనుకోలేదు. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆమెకి ఏదీ అనిపించడం మానేసింది.

"నాలుగొందలు అచ్చేశాం," అంది నీలవేణి కుర్చీలోంచి లేవకుండానే. "సగం పైనే పంచీసినం. టెక్కలి, సోంపేట, కంచిలి... ఎందుకు?"

వాసు పుస్తకం బల్ల మీద పెట్టాడు. అట్ట ఉబ్బి ఉంది, అంచులకి ఉప్పు తెల్లగా కట్టింది. ఇది సభలో పంచిన పుస్తకంలా లేదు.

"ఇది ఎక్కడ దొరికిందో తెలుసా? సంద్రంలో. అవతలి పేటోళ్ల తెప్పలో. పాలితీన్ సంచిలో సుట్టుకుని పట్టుకొచ్చినారు. ఒకడు సదువుతన్నాడు, ఒకడు ఇంజను పట్టుకున్నాడు. నన్ను సూసి నవ్వి, 'మీ నాన పుత్తకం భలేగుంది బావా, సదివితే సేప పడతాది' అన్నాడు. అని నా సేతిలో ఎట్టీసినాడు. ఆడికింక దీంతో పని నేదంట."

వేట నిషేధం ఎత్తేసి నెల కాలేదు. పుస్తకం సరిగ్గా ఆ నిషేధంలోనే వచ్చింది, పడవలన్నీ ఒడ్డున పడి ఉండి, మగవాళ్లందరికీ చదువుకోవడానికి బోలెడు తీరిక ఉన్న రోజుల్లో. నీలవేణి అప్పుడు దాన్ని అదృష్టం అనుకుంది. పేటల్లో కూడా హైకూలు చదువుతున్నారని గోపాలరావు మాస్టారు ఫోన్ చేసి మరీ చెప్పారు.

"ఏటంటన్నావన్నా? నాకేటీ తెలీడం నేదు," అంది. అన్న ఎదురుగా ఉంటే ఆమె మాట కూడా పేటకే పోతుంది.

"పన్నెండో పేజీ తియ్యి. తెప్పోడు సదివిందదే."

తీసింది. తియ్యకపోయినా నోటికి వచ్చు. పేజీ నిండా తెల్లదనం వదిలి మధ్యలో మూడు పంక్తులు పెట్టింది తనే.

*రెండు తాటిచెట్లు*
*ఒకటైన చోట*
*ఎర్ర రాయి*

దీని మీద గోపాలరావు మాస్టారు ముందుమాటలో ఒకటిన్నర పేజీ రాశారు. దాంపత్యం అన్నారు, అద్వైతం అన్నారు, ఆ ఎర్ర రాయి కాలం అన్నారు. సభలో అది చదివినప్పుడు వెనక వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

వాసు చుట్టూ చూశాడు. యజమాని భోజనానికి వెళ్లాడు. మిషన్లు ఆగి ఉన్నాయి. "లెగు," అన్నాడు. ఆమె భుజం పట్టుకుని తలుపు దగ్గర నిలబెట్టాడు. "ఎదరకి సూడు. కాయితం కోసే మిషను, దానెనకాల గోడకి కేలండరు. రెండూ ఏరేరుగా అగుపడతన్నాయా?"

"ఊఁ."

"ఎడం పక్కకి నడు. ఇంకా. ఇంకొంచెం. ఇప్పుడు?"

మిషను పిడి వెనక్కి కేలండరు వచ్చి దాక్కుంది. రెండూ ఒకటే గీతలో నిలిచాయి.

"ఆగు. ఈ గీత మీదే ఎక్కడో ఉన్నావు నువ్వు. ఎక్కడో తెలాలంటే అడుగు సూడాల. తాడుకి సీసం ముద్ద కట్టి, కింద సబ్బు పూసి దింపుతాం. పైకి లాగితే అడుగున్నది అంటుకొస్తాది. బురదంటే బురద, గవ్వలంటే గవ్వలు. ఎర్ర రాయి పొడి అంటుకుందనుకో, అదే సోటు. రాయి సుట్టూ సేప తిరుగుతాది. మన పేట తాటిసెట్లు రెండూ ఒకటయ్యేది సంద్రంలో ఒక్క గీత మీదే. ఇవి పాటలు కావే. నాన గురుతులు. తాత కాడ నుంచీ వచ్చిన గురుతులు. పక్క తెప్పోడు సూత్తే వల తీసీసి ఉత్తినే కూకునేవోడు నాన, సోటు తెలిసిపోతాదని. అలాటివి నువ్వు అచ్చేసి, బొట్టు పెట్టి పంచినావు."

నీలవేణి ఆ గీత మీదే నిలబడి ఉంది. కదలమని అతను చెప్పలేదు, ఆమెకి తోచలేదు. పుస్తకంలోని నలభై ఎనిమిది హైకూలూ ఒకటొకటే ఆమె కళ్లముందు తిరిగాయి. తెల్ల గుడి నల్ల కొండ మీదికెక్కితే గవ్వల ఇసుక. గుడి, కొండ, ఇసుక. అంతే. వాటిలో దాంపత్యమూ లేదు, కాలమూ లేదు. నాన్న కవి కాడు. ఏడుపు రావాలి ఇప్పుడు, అనుకుంది. రాలేదు. చెయ్యి మోచేతి దాకా చన్నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే వేళ్లు తెలియనట్టు ఉంది, అంతే.

అసలు ఆ పొరపాటులో తప్పు పూర్తిగా ఆమెదీ కాదు. రెండేళ్లు హైకూల పత్రిక టైపు చేసిన వేళ్లు అవి. మూడు పంక్తులు చూస్తే చాలు, మధ్యకి జరిపి చుట్టూ ఖాళీ వదిలేస్తాయి. పేటలో ఆడపిల్లని తెప్ప ముట్టుకోనివ్వరు, గురుతులు చెప్పరు. పైగా ఆరో తరగతిలోనే ఆమెని టెక్కలి హాస్టల్లో వేశారు. సముద్రం గురించి ఆమెకి తెలిసింది ఒడ్డు దాకానే. వాసు సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. మూడో తరగతిలో పలక విసిరేసి తెప్పెక్కాడు, పదిహేనో ఏట గుజరాత్‌లో వీరావల్ బోట్లకి వెళ్లిపోయాడు. అక్షరం ముక్క రాదు.

"నాను వీరావల్ ఒగ్గేసి ఎందుకొచ్చినాను?" అన్నాడు వాసు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గొంతులో కోపం అయిపోయింది, అలసట మిగిలింది. "నాన ఫోన్లో సెప్పినాడు. 'ఇంకొకడి బోట్లో ఎన్నాళ్లు సేత్తావురా, మన గురుతులన్నీ రాసీసినాను, వచ్చీయ్, సెల్లి సదువుతాది, నువ్వు ఇను' అన్నాడు. నాను వచ్చేతలికి మాట పడిపోయింది. పెద్దకార్యం అయింది. నువ్వు నోటుబుక్కు సంచిలో ఎట్టుకుని పలాస ఎలిపోనావు. సదువుకున్నది కదా, తనంతట తనే పిలుత్తాదిలే అని సూసినాను. నెల సూసినాను, రెణ్నెల్లు సూసినాను. అడగడానికి మొహం సెల్లలేదు. సదువు రానోడికి అడగడం కట్టమే నీలా. నీకు నాన ఏటీ సెప్పనేదా?"

ఇక్కడ నీలవేణి అబద్ధం చెప్పొచ్చు. పోయినవాడు వచ్చి కాదనడు.

డయాలసిస్ మంచం మీద నాన్న ఎడమ చెయ్యి మిషనుకి ఇచ్చేవాడు, కుడి చేత్తో రాసేవాడు. ముసలితనంలో రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలు. ప్రెస్సు నుంచి మధ్యాహ్నం తను వెళితే, "అమ్మీ, 'ర్ర' ఎలగ రాత్తారే?" అని అడిగేవాడు. ఎర్ర రాయిలో 'ర్ర' ఆమె చెయ్యి పట్టుకుని రాయించిందే. ఒకరోజు నోటుబుక్కు మూసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"సెప్పినాడు," అంది. "'అన్నొచ్చినాక కూకోబెట్టి సదివి ఇనిపించు' అన్నాడు. ముచ్చట పడి అన్నాడనుకున్నాను. తను రాసింది కొడుక్కి ఇనిపించాలని ఉండదేటి, అనుకున్నాను. నువ్వు ఇనవని కూడా అనుకున్నాను. నీకు కవితలు ఎందుకులే అని."

వాసు ఆమెని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది. అతను ఉబ్బిపోయిన పుస్తకాన్ని అరచేత్తో అదిమి చదును చెయ్యబోయాడు. అది మళ్లీ లేచింది.

"వచ్చే నెల్లో వీరావల్ బేచ్ ఎల్తన్నాది," అన్నాడు. "పేరిచ్చీమంటన్నారు. ఇచ్చీనా? ఇక్కడింకేటుంది నాకు? అందరూ ఎల్లే సోటికి నానూ ఎల్లి, అందరికీ సాలనిది నానూ తెచ్చుకోడమే. రాయి మీద ఒకసారి నిలబడితే సాలు, జీపీఎస్‌లో నొక్కీసుకుంటారు. జన్మలో మరవరు."

నీలవేణి కంప్యూటరు వైపు తిరిగింది. మౌసు పట్టుకుంది. ఏదైనా పని చెయ్యడం తప్ప ఆమెకి ఇంకో దారి తెలియదు. నాన్న పోయిన నాలుగో రోజున కూడా ఇలాగే వచ్చి ఎవరిదో పెళ్లికార్డు టైపు చేసింది.

"అన్నా, నోటుబుక్కులో ఉన్నవి యాభై ఏడు," అంది. "పుస్తకంలో నలభై ఎనిమిదే."

"మరి తొమ్మిది?"

"మాస్టారు కొట్టీసినారు. అంకెలున్నాయని. లెక్కలు హైకూని చంపేస్తాయి, కవి కొలవకూడదు, అన్నారు. ఫైల్లో మాత్రం ఉన్నాయి."

వాసు స్టూలు ముందుకి జరిపాడు. "ఏ అంకెలు?"

ఆమె ఫైలు తెరిచి చదివింది.

*పెద్దకొండ గొంతులో*
*గోదాం రేకు మెరిస్తే*
*పదహారు బారలు*

"మళ్లీ సదువు."

చదివింది. వాసు కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. చెయ్యి గాల్లో లేచి, ఎడమ పక్కన ఒక కొండని పెట్టింది, కుడి పక్కన ఒక రేకుల షెడ్డుని పెట్టింది. "పెద్దకొండంటే మహేంద్రగిరి. గొంతంటే రెండు శిఖరాల మజ్జిన పల్లం. గోదాం బారువ కాడది. రేకు మెరిసేది పొద్దుటేలే. అంటే తెల్లారి ఎల్లాల." కళ్లు తెరిచాడు. "ఇది నాకు నాన ఎప్పుడూ సూపించలేదు. ఇది దూరం గురుతు. లోతు కూడా రాసినాడంటే పెద్ద సోటే. నీలా, మీ మాస్టారు కొట్టేసినవే అసలైనవి."

రెండోది చదివింది. మూడోది. ఆమె చదవడం, అతను కళ్లు మూసుకుని కొండల్నీ గుళ్లనీ సర్దుకోవడం. ఒకచోట ఆమెకి అర్థం కాని మాట అతను చెప్పాడు, ఒకచోట అతను తప్పు విన్న అంకెని ఆమె దిద్దింది. ఆరోది అయ్యేసరికి ఆమెకి తట్టింది, నాన్న అడిగింది ఇదే. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాలనే. ఒకరి దగ్గర అక్షరం ఉంది, ఒకరి దగ్గర సముద్రం ఉంది, ఏ ఒక్కరి దగ్గరా రెండూ లేవు. ఆయన పెట్టిపోయిన ఆస్తి విప్పాలంటే ఇద్దరూ ఉండాలి. ఆమె ఒక్కతే విప్పేసింది.

తొమ్మిదోది మిగిలింది. ఇందులో అంకె లేదు. దీన్ని మాస్టారు కొట్టేసిన కారణం వేరు. 'ప్రకృతి వర్ణనలో సినిమాహాలు ఏమిటమ్మా, రుచి చెడిపోతోంది' అన్నారు.

*నీళ్ల టాంకీ వెనక*
*సినిమాహాలు దాగితే*
*లోతు అందలేదు*

వాసు చెయ్యి గాల్లో లేచి అక్కడే ఆగిపోయింది. మనసులోనే ఒడ్డంతా వెతికాడు. "నేదు," అన్నాడు. "ఇది సంద్రంలో నేదు. ఒడ్డు నుంచి అంత లోపలికి సినిమాహాలు ఎక్కడ అగుపడతాది? బారువలో నేదు, మన పక్కన ఏ ఊళ్లోనూ టాంకీ ఎనకాల హాలు నేదు. రోగంలో ఏటో రాసీసినాడు పాపం."

నీలవేణికి టెక్కలి హాస్టలు గేటు కనబడుతోంది.

ఆరో తరగతిలో చేర్చిన రోజు నాన్నకి బస్సు బోర్డు చదవడం కూడా రాదు. గేటు బయట రోడ్డు మీద నిలబడి, ఒక కన్ను మూసి అటు చూశాడు, ఇటు చూశాడు, రెండడుగులు వెనక్కి వేశాడు, మళ్లీ చూశాడు. పిల్లలు నవ్వారు. ఆ తర్వాత ఆమె ఇంటరు అయ్యేదాకా నెలనెలా వచ్చేవాడు. గేటు పక్కన నీడ ఉన్నా అందులోకి వచ్చేవాడు కాదు. నడిరోడ్డు మీద, ఎండలో, సరిగ్గా అదే చోట నిలబడి ఉండేవాడు, ఆమె బయటికి వచ్చేదాకా. ఆటోవాళ్లు హారను కొట్టి తిట్టేవాళ్లు. ఆమెకి తల కొట్టేసినట్టుండేది. "పక్కకి రావచ్చు కదా నానా," అంటే, "ఇక్కడైతే తప్పిపోనమ్మీ," అనేవాడు.

"అన్నా," అంది. "అది టెక్కలి. నా హాస్టలు. గేటు ముందు నిలబడితే టాంకీ ఎనక హాలు దాగిపోతాది."

వాసు ఆమె వైపు చూసి, చూపు దించుకున్నాడు. నీలవేణికి నాన్న కావాలనిపించింది. పదకొండు నెలల్లో మొదటిసారి, అన్నం కావాలనిపించినంత మామూలుగా, నాన్న కావాలనిపించింది. తీరమంతా పంచిపెట్టిన గురుతుల్లో ఇదొక్కటి లేదు. ఆమె పంచిపెట్టకుండా మిగిలింది ఆమెదే.

"నోటుబుక్కేదే?" అన్నాడు వాసు. "నాన సేతిరాత సూడాల. సదవలేకపోయినా సూత్తాను."

"మాస్టారి కాడుంది. అట్ట మీద సేతిరాత ఎయ్యడానికి ఇచ్చినాను, మళ్లీ తీసుకోనేదు."

ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. గోపాలరావు మాస్టారు మొదటి రింగుకే ఎత్తారు. మనిషి మంచివాడు. అదే ఆయనతో చిక్కు.

"నోటుబుక్కా? పొద్దున్నే ఢిల్లీశ్వరరావు గారు అడిగి పట్టుకెళ్లారమ్మా. మన సభకి అధ్యక్షత వహించారు చూడు, ఆయన. ఎంత సహృదయులనుకున్నావు. నేను తీసేసినవి కూడా ఉన్నాయంటే మరీ సంబరపడ్డారు. ఒక్కొక్కటీ తన బోటు డ్రైవరుకి చదివి వినిపిస్తున్నారట. కవిత్వం శ్రామికుడి దాకా వెళ్లడమంటే ఇదీ."

ఢిల్లీశ్వరరావుకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది, రాజకీయం ఉంది, మూడు పెద్ద బోట్లున్నాయి. వాసు లేచి నిలబడ్డాడు. నీలవేణి ఫోన్ పెట్టేసేలోపే ఇంకో ఫోన్ వచ్చింది. తెర మీద ఢిల్లీశ్వరరావు పేరే వెలుగుతోంది. సభ రోజున ఆయనే ఇచ్చి ఫీడ్ చేసుకోమన్న నంబరు. స్పీకరు తియ్యకుండానే ఎత్తింది.

"అమ్మా నీలవేణీ, బాగున్నావా? మీ నాన్న మహానుభావుడమ్మా. మాస్టారు తీసేసిన తొమ్మిదిలో ఎనిమిది మా డ్రైవరు విప్పి చెప్పేశాడు గానీ, ఆఖరిది అంతుపట్టడం లేదంటున్నాడు. టాంకీ, సినిమాహాలు. లోతు అందలేదు అని రాశాడంటే మామూలు చోటు కాదంటున్నాడు. అది ఎక్కడమ్మా?"

వాసు వద్దని తల ఊపుతున్నాడు. నీలవేణి స్క్రీను మీద మూడు పంక్తులు చూస్తోంది.

"అది మా నాన్న అన్నిటికంటే ఎక్కువసార్లు వెళ్లొచ్చిన చోటు సార్," అంది. "నెలనెలా వెళ్లేవాడు. ఏడేళ్లు."

"ఎప్పుడూ ఉత్త చేతులతో రాలేదన్నమాట."

"ఒక్కసారి కూడా ఉత్త చేతులతో రాలేదు సార్." ఎండుచేపల పొట్లం, కొబ్బరుండలు, ఒకసారి గొడుగు. "నాకు సముద్రం తెలీదు. మా అన్నే చూపించాలి. నోటుబుక్కు తెచ్చి అన్న చేతికిస్తే చూపిస్తాడు."

ఢిల్లీశ్వరరావు మెత్తగా నవ్వాడు. "నోటుబుక్కు బోటులోనే ఉందమ్మా. మీ అన్ననే రమ్మను. రేపు తెల్లారి నాలుగింటికి ఎక్కితే, ఆ చోటు చూపించాక నోటుబుక్కు తీసుకుని దిగొచ్చు. చూపించాకే సుమా."

ఫోన్ పెట్టేశాడు.

"నడిసంద్రంలో టెక్కలి హాస్టలు ఎక్కడ సూపించమంటావే నన్ను?" అన్నాడు వాసు.

నీలవేణి నోటికొచ్చింది అనేసింది, అంతే. వాసు తలుపు దాకా వెళ్లాడు. గడప మీద ఆగాడు. వెనక్కి వచ్చి, స్టూలు ఆమె పక్కకి లాక్కుని కూర్చుని, కళ్లు మూసుకున్నాడు.

"మొదటి కాడ నుంచి సదువు," అన్నాడు. "నోటుబుక్కు ఆళ్లు ఇచ్చినా ఇవ్వకపోయినా, తెల్లారి ఆ బోటెక్కేతలికి ఎనిమిదీ నాకు నోటికి రావాల."